పాల్ సైమన్ హరారే కచేరీ: బేస్ వినపడకపోతే

అమెరికన్ గాయకుడు పాల్ సైమన్ జింబాబ్వే రాజధాని హరారేలో చేసిన కచేరీ వీడియోలో మనుషులు అడ్డంగా సాగినట్టున్నారు, బేస్ గిటార్ వినపడట్లేదు అన్నారు కదండీ. వీడియోలో లోపం లేదు. 1987 నాటిది, పాత టీవీల కొలత. పిక్చర్ సైజు 4:3 పెట్టండి. రెండు పక్కలా నల్లపట్టీలు వస్తాయి, రానివ్వండి.

సన్నపాటి టీవీ స్పీకర్లలో అంత కింది స్వరాలు సరిగా పలకవు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. ఇందులో బేస్ వాయించే బకీతి కుమాలోది మెట్లు లేని బేస్. స్వరం మీంచి స్వరానికి మన గోటువాద్యంలా జారుతుంది (నాకైతే పాటకన్నా అదే ఇష్టం).

ఈ కచేరీలో ఉన్న దక్షిణాఫ్రికా సంగీతం జింబాబ్వేలో ఎందుకంటారా? అప్పటికి దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన. వేదిక మీదున్న గాయని మిరియం మకేబా, ట్రంపెట్ వాయించే హ్యూ మసకేలా ఆ దేశానికి దూరమైన ప్రవాసులు.

లేడీస్మిత్ బ్లాక్ మాంబాజో అనే దక్షిణాఫ్రికా గాయక బృందం వాద్యాల్లేకుండా పాడేటప్పుడు కాస్త సౌండ్ పెంచండి.