యుద్ధం చూసినవాళ్ల మాటలు రికార్డ్ చేయడం కూడా ఒక కెరీరేనా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ సెకండియర్, హిస్టరీ. వాళ్ల తాతయ్య మిలిటరీలో చేసి రిటైరయ్యారు, యుద్ధం కూడా చూశారు. ఈ మధ్య రోజూ ఆయన్ని కూర్చోబెట్టి ఫోన్లో రికార్డ్ చేస్తోంది, ఓరల్ హిస్టరీ అట, యుద్ధాలు, విప్లవాలు చూసినవాళ్ల అనుభవాలు రికార్డ్ చేయడమే నా కెరీర్ అంటోంది. ఇలాంటి ఉద్యోగాలు నిజంగా ఉంటాయా? అయినా పెద్దాయన ఎప్పటివో గుర్తున్నవి చెప్తే అది చరిత్ర ఎలా అవుతుందండీ?

జవాబు: రెండో ప్రశ్నకి ముందు చెప్తానండి, అది తేలకపోతే ఉద్యోగాల గురించి నేనేం చెప్పినా మీకు నమ్మకం కుదరదు.

యుద్ధం గురించి ఆఫీసు ఫైళ్లలో ఏముంటుంది, ఆర్డర్లు, తేదీలు, ఎంతమంది పోయారన్న లెక్క. విప్లవం సంగతికొస్తే అదీ ఉండదు, రహస్యంగా పనిచేసేవాళ్లు కాగితం మీద ఏదీ పెట్టరు, పెట్టినా పట్టుబడతామని తగలబెట్టేస్తారు, చివరికి మిగిలేది పోలీసులు రాసుకున్నది, అంటే అవతలి పక్షం రాసింది. అందుకే ఐర్లాండ్ ప్రభుత్వం 1947లో ఏకంగా ఒక బ్యూరోనే పెట్టి, 1913 నుంచి 1921 దాకా స్వాతంత్ర్య పోరాటంలో ఉన్నవాళ్ల దగ్గరికి మనుషుల్ని పంపి 1,773 వాంగ్మూలాలు రాయించుకుంది, రాయించి వెంటనే బయటపెట్టకుండా తాళం వేసి ఉంచింది, జనం చదవడానికి ఇచ్చింది 2003లో. మన తెలుగులోనే చూడండి, తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్లని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లు కలిసి మాట్లాడించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అని పుస్తకం వేశారు, ఆ పని జరగకపోయుంటే ఆ ఆడవాళ్లు ఏం మోశారో, పోరాటం ఆగిపోయాక వాళ్ల బతుకులు ఏమయ్యాయో ఏ ఫైల్లోనూ దొరికేది కాదు.

మరి జ్ఞాపకం తప్పితే? తప్పుతుంది, అందులో దాచేదేం లేదు. ఇటలీలో తెర్ని అనే ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో 1949 మార్చిలో నాటోకి వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో లుయీజీ త్రస్తుల్లి అనే 21 ఏళ్ల కార్మికుడు పోలీసుల చేతిలో చనిపోయాడు. చాలా ఏళ్ల తర్వాత అలెస్సాండ్రో పోర్తెల్లి అనే పరిశోధకుడు ఆ ఊరి వాళ్లని అడిగితే ఎక్కువమంది అది 1953లో జరిగిందన్నారు, ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున ఉద్యోగాలు తీసేసినప్పుడు వీధుల్లో జరిగిన గొడవల్లో పోయాడని చెప్పారు. ఇంకొకరైతే తప్పు సమాచారం అని పక్కన పడేసేవారేమో, పోర్తెల్లి మాత్రం ఊరంతా కలిసి ఒకే రకంగా ఎందుకు తప్పు చెప్తోంది అని ఆలోచించాడు. 1949లో తమవాడు చచ్చిపోతే ఏమీ చేయలేకపోయామన్న అవమానం వాళ్లకి ఉండిపోయింది, తాము నిజంగా తిరగబడింది 1953లో, అందుకని ఆ చావుని తీసుకెళ్లి అక్కడ పెట్టుకున్నారు. తేదీ రికార్డులో దొరుకుతుంది, ఈ బాధ రికార్డులో దొరకదు. మీ అమ్మాయి నేర్చుకోవాల్సింది ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడటం, తాతగారు చెప్పేదాన్ని గుడ్డిగా నమ్మడమూ కాదు, అబద్ధమని కొట్టేయడమూ కాదు.

ఇప్పుడు ఉద్యోగం. 'ఓరల్ హిస్టోరియన్' అని బోర్డు ఉన్న ఉద్యోగాలు ఎక్కడైనా తక్కువే, ఉన్నవాటిలో కూడా చాలావరకు ప్రాజెక్టు ఉన్నంతకాలమే జీతం. కానీ ఈ పని వేరే పేర్లతో చాలాచోట్ల ఉంది. ఆర్కైవ్స్ (పాత పత్రాలు, రికార్డింగులు భద్రపరిచే చోట్లు), మ్యూజియంలు (లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో 1972లోనే సౌండ్ రికార్డులకి విడిగా డిపార్ట్‌మెంట్ పెట్టారు), యూనివర్సిటీ రీసెర్చ్ ప్రాజెక్టులు, డాక్యుమెంటరీలు, మానవ హక్కుల సంస్థలు, యుద్ధాలు, అణచివేతల తర్వాత ఏం దారుణాలు జరిగాయో తేల్చడానికి వేసే ట్రూత్ కమిషన్లు. హిట్లర్ కాలంలో యూదుల ఊచకోత నుంచి బతికి బయటపడ్డవాళ్ల మాటలు రికార్డ్ చేయడానికి 1994లో మొదలైన షోవా ఫౌండేషన్ దగ్గర యాభై వేలకి పైగా వీడియో ఇంటర్వ్యూలున్నాయి, కెమెరా ముందు కూర్చుని అడిగినవాళ్లే కాదు, తర్వాత ఎవరు ఏ నిమిషంలో ఏ ఊరి గురించి మాట్లాడారో ఇండెక్స్ చేసినవాళ్లు, కేటలాగ్ రాసినవాళ్లు, అనువాదాలు చేసినవాళ్లు ఎంతమంది ఉండి ఉంటారో ఊహించండి. నిలకడైన జీతం ఎక్కువగా ఈ రెండో రకం పనిలోనే ఉంటుంది. కాబట్టి నా సలహా, పీజీలో హిస్టరీ ఒక్కటే కాకుండా ఆర్కైవ్స్ గానీ లైబ్రరీ సైన్స్ గానీ కలిసేలా చూసుకోమనండి. ఓరల్ హిస్టరీలోనే మాస్టర్స్ కూడా ఉంది, అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో 2008లో మొదలైంది, కానీ అప్పు చేసి మరీ దానికే వెళ్లమని నేను చెప్పను.

ఇంతకంటే ముఖ్యమైన విషయం ఒకటి చెప్పాలి, ఈ రంగంలోకి వస్తానన్న ప్రతి పిల్లకీ పిల్లాడికీ నేను చెప్పేది ఇదే. అమెరికాలో బోస్టన్ కాలేజీ తరఫున 2001 నుంచి 2006 వరకు ఉత్తర ఐర్లాండ్‌లో తుపాకులు పట్టినవాళ్లని, బ్రిటన్ నుంచి విడిపోవాలన్నవాళ్లు, బ్రిటన్‌తోనే ఉండాలన్నవాళ్లు, రెండు పక్షాల వాళ్లనీ, ఇంటర్వ్యూ చేశారు, మీరు బతికుండగా ఇవి బయటికి రావు అని మాటిచ్చారు. ఆ మాట నమ్మి వాళ్లు నోరు విప్పారు. 2011లో, 1972 నాటి ఒక హత్య కేసు కోసం బ్రిటన్ పోలీసులు అమెరికా కోర్టుల ద్వారా ఆ టేపులు అడిగారు, కొన్ని ఇవ్వాల్సొచ్చింది, 2014లో అప్పటి సిన్ ఫేన్ పార్టీ అధ్యక్షుడు జెర్రీ ఆడమ్స్‌నే అరెస్ట్ చేసి నాలుగు రోజులు ప్రశ్నించి కేసు పెట్టకుండా వదిలేశారు. తప్పెక్కడ జరిగిందంటే, కాలేజీ ప్రాజెక్టు డైరెక్టర్‌తో చేసుకున్న ఒప్పందంలో 'అమెరికా చట్టం అనుమతించినంత మేరకు' అనే షరతు ఉంది, మాట్లాడినవాళ్లు సంతకం పెట్టిన కాగితంలో ఆ ముక్క లేదు. ఒక్క వాక్యం అండీ! ఆ కాగితాన్ని నమ్ముకుని మాట్లాడినవాళ్లకి ప్రాణభయం, ఇంటర్వ్యూ చేసినవాళ్లకి ద్రోహులన్న పేరు. అందుకని మీ అమ్మాయి రేపు ఎక్కడ చేరినా కన్సెంట్ ఫామ్ (మాట్లాడేవాళ్లు ఒప్పుకుంటూ సంతకం పెట్టే కాగితం) తనే పూర్తిగా చదవాలి, అందులో లేని హామీ నోటితో ఇవ్వకూడదు, కేసులు ఇంకా నడుస్తున్న గొడవల గురించైతే అసలు రికార్డర్ ఆన్ చేయాలా వద్దా అని ముందు ఆలోచించాలి. అలాంటి ఆడియోని టైపింగ్ తప్పుతుందని ఏదో ఉచిత వెబ్‌సైట్‌లోకి ఎక్కించేయడం కూడా ఇచ్చిన మాట తప్పడం కిందికే వస్తుంది.

మనసు మీద పడే భారం కూడా చిన్నది కాదు. దక్షిణాఫ్రికా ట్రూత్ కమిషన్ విచారణల్లో దుబాసీలు బాధితుల మాటని 'నేను' అనే చెప్పాలి, 'నన్ను కొట్టారు, నా కొడుకుని చంపారు' అని రోజంతా వాళ్ల నోటితో చెప్పీ చెప్పీ చాలామంది కుంగిపోయారు. మీ అమ్మాయి సున్నితమైన మనిషైతే వద్దని కాదు, కానీ ఒక రోజుకి ఒక ఇంటర్వ్యూ చాలు, తర్వాత మాట్లాడుకోడానికి ఒక సీనియర్ ఉండే చోటే పని చూసుకోవాలి.

తనకి ఇది సరిపడుతుందో లేదో తెలుసుకోడానికి తాతగారి రికార్డింగులే చాలండి. యుద్ధంతో మొదలుపెట్టొద్దనండి, చిన్నప్పటి నుంచి రమ్మనండి, అప్పుడే యుద్ధం దగ్గరికొచ్చేసరికి ఆయనకి మాట దొరుకుతుంది. 'మీకెలా అనిపించింది' అంటే జనం పేపర్లో చదివిన జవాబే చెప్తారు, అదే 'ఆ రాత్రి కాళ్లకి ఏం వేసుకున్నారు, పక్కన ఎవరు పడుకున్నారు, ఉత్తరాలు ఎవరు చదివిపెట్టేవారు' అని అడిగితే ఎప్పుడూ చెప్పనివి బయటికొస్తాయి. ఆయన ఆగిపోతే ఆగనివ్వాలి, ఆ ఖాళీలో ఇంకో ప్రశ్న దూర్చకూడదు. అయ్యాక ఒక గంట రికార్డింగ్‌ని తనే కూర్చుని అక్షరం పొల్లుపోకుండా టైప్ చేయమనండి, ఆరేడు గంటలు పడుతుంది, ఆ టైపింగ్ విసుగు లేకుండా చేసిందంటే ఈ పనికి పనికొస్తుంది, అడగడం మాత్రమే ఇష్టమై మిగతాది తలనొప్పిగా ఉంటే జర్నలిజం వైపు చూడటం మంచిది. ఆ టైప్ చేసిన కాపీ తాతగారికి వినిపించి, ఆయన తీసేయమన్నది తీసేసి, ఎవరికి చూపించొచ్చో ఆయన చేతే రాయించి సంతకం తీసుకుంటే, పీజీ అప్లికేషన్‌కి గానీ ఏదైనా ఆర్కైవ్‌లో ఇంటర్న్‌షిప్‌కి గానీ మార్కుల మెమోతో పాటు పెట్టుకోడానికి తన పని ఒకటి చేతిలో ఉంటుంది. రెండు మూడు చోట్లకి మెయిల్ పెట్టేటప్పుడు 'నాకు చరిత్ర అంటే ఇష్టం' అని కాకుండా, నాకు ఈ భాషలొచ్చు, ఇన్ని గంటల ఆడియో టైప్ చేశాను, ఏ నిమిషంలో ఏ విషయం ఉందో రాసిన నా ఇండెక్స్ షీట్ ఇదీ అని రాయమనండి, జవాబొచ్చే అవకాశం అలా అయితేనే ఎక్కువ.