రెండు వానల మధ్య ఎండ

ప్రశ్న: మేం మారతహళ్లిలో ఉంటాం. మే చివరి వారంలో క్యారవాన్ అద్దెకు తీసుకుని మైసూరు, బండీపుర మీదుగా ఊటీకి వెళ్లొద్దామని అనుకుంటున్నాం. నాలుగు రోజులు. మా పగ్ చింటూ కూడా వస్తాడు, వాడికి ఆరేళ్లు. రోజూ సాయంత్రం పడుతున్న ఈ ఉరుముల వాన చూసి మా అత్తగారు వద్దంటున్నారు. ఇలాంటి వాతావరణంలో కుక్కతో వెళ్లొచ్చా సార్? ఏమేం సర్దుకోవాలి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: వెళ్లొచ్చమ్మా. మీ అత్తగారు భయపడటంలో తప్పులేదు, కాకపోతే ఆవిడ వానకు భయపడుతున్నారు. నేను రిటైరయ్యాక టెంపో ట్రావెలర్‌లో మంచం, పొయ్యి పెట్టించుకుని, మా నల్లోణ్ణి ఎక్కించుకుని తిరుగుతున్నాను. నల్లోడంటే జయనగర్‌లో మా వీధిలో దొరికిన నాటు కుక్క. వానలో మాకు జలుబు చేసిందేమో గానీ, వాడి ప్రాణం మీదికి తెచ్చింది మాత్రం రెండు వానల మధ్య కాసిన ఎండ.

నాలుగేళ్ల కిందట, ఇదే మే నెల. మండ్య దాటాక టిఫిన్‌కి ఆగాం. ఆకాశమంతా మబ్బు, చల్లగాలి. హోటల్లోకి కుక్కను రానివ్వం అన్నారు. ‘‘బండిలో ఏసీ ఉంది కదా, రెండు ఇడ్లీ తిని వచ్చేద్దాం’’ అంది మా ఇంటావిడ. నేనూ తల ఊపాను. మబ్బును చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోవడమంటే అదే. ఇడ్లీ వచ్చేలోపు మబ్బు విడిపోయి ఎండ చుర్రుమంది. బ్యాటరీ మీద నడిచే ఏసీ ఎప్పుడు ఆగిపోయిందో మాకు తెలీదు. ఇరవై నిమిషాల తర్వాత తలుపు తీస్తే వాడు నేలమీద పడి ఒగరుస్తున్నాడు, నోట్లోంచి చొంగ తీగలు సాగుతోంది. హోటల్ కుళాయి నుంచి బకెట్టుతో నీళ్లు తెచ్చి పొట్టమీద, కాళ్లమీద పోస్తూ, మెనూ కార్డుతో విసిరాను. లేచి నిలబడ్డాక తిన్నగా మైసూరులో డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాం. ఆ రోజు బిల్లు ఎవరు కట్టారో, అసలు కట్టామో లేదో ఇప్పటికీ గుర్తులేదు.

మూసిన బండిలో పది నిమిషాలకే వేడి సుమారు 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి ఒగర్చడమే దానికున్న ఫ్యాను. వాన వెలిసిన ఉక్కలో నాలుక మీది తడి ఆరదు, అందుకే ఒగర్చినా ఒళ్లు చల్లబడదు. పైగా మీవాడిది చప్పిడి ముక్కు. నల్లోడికున్న పొడుగు మూతి కూడా చింటూకి లేదు. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. 104 దాటితే ఇక ఆలోచించకండి: నీళ్లు, గాలి, ఆ వెంటనే డాక్టరు. ఒక థర్మామీటరు వాడికంటూ విడిగా పెట్టుకోండి.

కాబట్టి మా ఇంట్లో ఒకటే చట్టం. ఒకరు తింటుంటే ఒకరు కుక్క దగ్గర ఉంటారు. మీ ఆయనకు వేడి దోసె చల్లారిపోతే చల్లారనివ్వండి. ఏసీ సంగతి అద్దెకిచ్చేవాళ్ల నోటిమాట మీద నమ్మొద్దు. ఇంటిముందు నిలిపి, ఇంజను ఆపి, ఎంతసేపు నడుస్తుందో గడియారం పెట్టి చూసుకోండి.

ఇక నీడ. ఎండకి చెట్టు కింద ఆపాలనిపిస్తుంది. సాయంత్రం గాలివాన వస్తే ఆ చెట్టు కొమ్మే బండిమీద పడుతుంది. మే నెల వానల్లో బెంగళూరులో ఎన్ని కొమ్మలు విరిగిపడతాయో మీరూ చూస్తున్నారు కదా. నేను మధ్యాహ్నం రెండు దాటాక చెట్టు కింద ఆపను. గోడ నీడ గానీ, పెట్రోలు బంకువాళ్లు ఒప్పుకుంటే వాళ్ల కప్పు పక్కన గానీ ఆపుతాను. బండికి పక్కన లాగే గుడ్డ పందిరి ఉంటే గాలి లేవకముందే చుట్టేయండి. వాగు పక్కన, పల్లంలో రాత్రి మకాం పెట్టొద్దు.

దారి గురించి. బండీపుర అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లను వదలరు. వానకు ఆలస్యమయ్యాక గేటు మూసేలోపు అందుకోవాలని తొక్కేస్తుంటారు, ఆ తొక్కుడే వానకన్నా ప్రమాదం. చీకటి పడితే అడవికి ముందే గుండ్లుపేటలో పడుకోండి. అడవిలో ‘వాడికి ఒంటికి వస్తోంది’ అని ఆపి దించడాలు ఉండకూడదు, ఆ పని ముందే కానిచ్చుకోవాలి. ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకు ఈ-పాస్, అంటే ఆన్‌లైన్లో తీసుకునే అనుమతి, కావాలి, 2024 మే నుంచి పెట్టారు. అంత పెద్ద బండితో కల్హట్టి ఘాట్‌లో 36 మలుపులు ఎందుకు, గూడలూరు మీదుగా వెళ్లండి. వాతావరణ శాఖ ఆరెంజ్ అలర్ట్ అంటే ఆ రోజు ఘాటే ఎక్కొద్దు. వాడిపారేసే ప్లాస్టిక్ సీసాలు నీలగిరిలో కుదరవు కాబట్టి చింటూకి స్టీలు క్యాను నిండా ఇంటి నీళ్లు పెట్టుకోండి. గుంటల్లో నీళ్లు తాగనివ్వకండి, ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్లతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. దాని టీకా ఈ ఏడాదిది పడిందో లేదో కార్డు చూసుకోండి.

ఊటీ 2,240 మీటర్ల ఎత్తు, మన ఊరికి రెండింతల పైనే. మధ్యాహ్నం ఉడికిన కుక్కే రాత్రి వణుకుతుంది. పాత తువ్వాళ్లు నాలుగు, స్వెటరు ఒకటి పెట్టండి. తడిస్తే కాలివేళ్ల సందుల్లో కూడా తుడవాలి. తిండికి పెరుగన్నం చాలు. మద్దూరులో ఆగుతారు, వడ తింటారు, వాడు మొహంలోకి చూస్తాడు. పెట్టకండి. ఉల్లిపాయ కుక్కల రక్తాన్ని పాడుచేస్తుంది.

ప్రశ్న: నవంబరులో క్యారవాన్‌లో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీదుగా పుదుచ్చేరి వెళ్దామనుకుంటున్నాం. మా లాబ్రడార్ ఉరిమితే సీటు కిందికి దూరిపోతుంది. మా నాన్నగారి నిద్రమాత్రలో సగం ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: వద్దు నాయనా, పావు కూడా ఇవ్వొద్దు. మనుషుల మాత్రలు కుక్కకు అంచనా వేసి ఇచ్చేవి కావు. పశువుల డాక్టరు ఏదైనా రాసిస్తే ప్రయాణానికి వారం ముందే ఇంట్లో ఒకసారి వేసి, ఎలా ఉంటుందో చూడండి. సీటు కిందికి దూరితే లాగొద్దు, అక్కడే దుప్పటి పరవండి. రేకు కప్పుమీద వాన చప్పుడు మీకన్నా దానికి ఎక్కువ వినిపిస్తుంది. ఫ్యానో రేడియోనో పెడితే కొంత నయం.

అసలు చెన్నైవాళ్లు తుపాన్లొచ్చే నవంబరునే ఎందుకు ఎంచుకున్నారు? 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మీ ఊరిని ఏం చేసిందో మీకు నేను చెప్పాలా? జనవరి దాటాక వెళ్లండి. వెళ్లినప్పుడు మాత్రం, వానలో బండి తలుపు తీసేముందు పట్టీ చేతికి రెండు చుట్లు చుట్టుకోండి. ఉరుముకు బెదిరిన కుక్క తలుపు సందులోంచి దూకితే రోడ్డు చూడదు. మెడలో మీ ఫోన్ నంబరున్న బిళ్ల ఉండాలి, ఆ నంబరు పాత సిమ్‌ది కాకుండా చూసుకోండి.