బడి పిల్లలు మా లేత్ షెడ్డుకి రావడం మొదలయ్యాక

మేడమ్, మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. విశాఖలో మధురవాడ వైపు హైస్కూల్లో సైన్స్ చెబుతున్నారు. తొమ్మిది, పది పిల్లలకి బయట పని ఎలా జరుగుతుందో చూపించాలని ఐదు కంపెనీలకి లెటర్లు పెట్టారు. నలుగురు పలకలేదు, ఐదోవాళ్లు వచ్చి బ్యాగులు పంచి ఫోటో దిగి వెళ్లిపోయారు. తప్పు ఎక్కడుంది, ఎలా మొదలుపెట్టాలి అని అడిగారు.

నేను టీచర్ని కాను, గేటుకి అవతలి వైపు వాడిని. గాజువాక ఆటోనగర్‌లో చిన్న మిషన్ షాపు నాది. మూడు లేతులు (ఇనప రాడ్డుని గుండ్రంగా తిప్పుతూ కోసే మిషన్లు), ఒక మిల్లింగ్, ఒక డ్రిల్లింగ్ మిషను, ఏడుగురు మనుషులం. ఎనిమిదేళ్లుగా దగ్గర్లోని సర్కారు హైస్కూలు పిల్లలు మా షెడ్డుకి వస్తున్నారు. మా వైపు నుంచి ఎలా కనిపిస్తుందో చెబుతాను.

మీ లెటరు ఎలా ఉండి ఉంటుందో ఊహించగలను. 'విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధికి మీ సంస్థ తగిన సహకారం అందించవలసిందిగా...' అలాంటివి నాకూ వస్తాయి. డబ్బు అడుగుతున్నారు కాబోలు అనుకుని సొరుగులో పడేస్తాను. మా బడి లెక్కల మాస్టారు తొలిసారి వచ్చినప్పుడు చేతిలో లెటరే లేదు. మా టర్నర్, అంటే లేతు నడిపే మనిషి, కూతురు ఆయన క్లాసులో చదివేది. ఒకరోజు సాయంత్రం షెడ్డు ముందు బండి ఆపి, 'వృత్తం చుట్టుకొలత మీరు రోజూ వాడతారట కదా, మా వాళ్లకి ఒక గంట చూపిస్తారా' అన్నారు. ఆ గంటకి నేను ఎవరి సంతకం తేవక్కర్లేదు, ఖర్చూ లేదు. అక్కడికక్కడే సరే అన్నాను.

పెద్ద కంపెనీల సంగతి వేరు. నెట్‌వర్త్ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటితే గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతుంది. ఆ లెక్క చూసే ఆఫీసుకి ఖర్చు రాసుకునే వస్తువు కావాలి. మీకు బ్యాగులు అలా వచ్చి ఉంటాయి. వద్దనకండి, తీసుకోండి. మిషను ముందు నిలబడి పాఠం చెప్పే మనిషి మాత్రం ఆ దారిలో రాడు.

మా మొదటి రోజు ఘోరంగా నడిచింది. ఎనిమిది మందో పది మందో వస్తారనుకుంటే క్లాసు మొత్తం దిగిపోయింది. అరవై పైచిలుకు. వెనకున్న వాళ్లకి ఏమీ కనిపించక వీధిలో ఆడుకున్నారు. లేతు మీద ఇనుము కోస్తుంటే చుట్టలు చుట్టలుగా ఊడి వచ్చేదాన్ని మేం చిప్స్ అంటాం. ఒక్కోసారి అది నీలం రంగులో నెమలి మెడలా మెరుస్తుంది. అంత వేడికే దానికి ఆ రంగు వస్తుంది. ఒక కుర్రాడు బాగుందని పట్టుకున్నాడు, రెండు వేళ్లు కాలాయి. వాళ్ల అమ్మ మర్నాడు వచ్చి నన్ను నాలుగు తిట్టింది. పడాల్సిందే, తప్పు నాది.

ఆ తర్వాత మాస్టారూ నేనూ కూర్చుని లెక్క మార్చాం. ఒక్కసారికి ఎనిమిది మందే, వెంట ఒక టీచరు తప్పనిసరి. బూట్లు ఉండాలి, జడ ముడేసుకోవాలి, చున్నీ, గాజులు తీసేయాలి. మాస్టారు జాగ్రత్త కొద్దీ పిల్లలందరికీ గ్లౌజులు కొనుక్కొచ్చారు. అవి విప్పించేశాను. రాడ్డుని బిగించి తిప్పే భాగాన్ని చక్ అంటాం. తిరిగే చక్ దగ్గర గ్లౌజు ఉంటే చక్ ఆ గుడ్డని పట్టుకుని చేతిని కూడా లోపలికి లాగేస్తుంది. ఇలాంటివి బడికి తెలియవు, మాకు వేరే చెప్పాలనే తోచదు. అందుకే ముందురోజు టీచరు ఒక్కరే వచ్చి షెడ్డంతా ఒకసారి తిరిగి వెళ్లాలి.

ఇప్పుడు ఆ గంటలో ఏం చేస్తామో చెబుతాను. 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఇనప రాడ్డు లేతుకి ఎక్కిస్తాం. 'ఈ టూలుకి నిమిషానికి 30 మీటర్ల చొప్పున ఇనుము కోసే స్పీడు కావాలి. లేతు నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలి?' ఇంతే ప్రశ్న. చుట్టుకొలత కట్టి, 30 మీటర్లని మిల్లీమీటర్లు చేసి, భాగిస్తే 191 వస్తుంది. పిల్లలు నోటుబుక్కుల మీద చేస్తారు, ఒకరిద్దరికి పది రెట్లు తేడా వస్తుంది, దెబ్బలాడుకుంటారు. చివరికి 191 పట్టుకుని లేతు మీదున్న స్పీడ్ల పట్టీ చూస్తే అందులో 160 ఉంటుంది, దాని పైన 250. 191 ఉండదు! ఆ క్షణం పిల్లల ముఖాలు చూడాలి మేడమ్. ఒకమ్మాయి 'మేం చేసింది తప్పా అంకుల్' అంది. తప్పు కాదమ్మా, 191 సరైన జవాబే, మిషనులో ఉన్నవి ఆ గేర్లే. మరి ఏది పెట్టాలి? దగ్గరిది కదాని 160 అన్నారు కొందరు. పని తొందరగా అవుతుందని 250 అన్నారు కొందరు. మా సీనియర్ టర్నర్ని అందరం బాబాయ్ అంటాం. ఆయన 160 పెట్టి, '250లో టూలు కాలిపోతే మళ్లీ సాన పట్టాలి, ఆ టైము ఎవడిస్తాడు' అన్నాడు.

మీరు సైన్స్ కాబట్టి మీకు ఇంకోటి. లోపలి వ్యాసం 60 మిల్లీమీటర్లున్న బేరింగు షాఫ్టుకి (తిరిగే ఇరుసుకి) చల్లగా ఉండగా ఎక్కదు. నూనెలో వంద డిగ్రీలదాకా వేడి చేస్తే లోపలి వ్యాసం దాదాపు 0.05 మిల్లీమీటర్ పెరుగుతుంది, తల వెంట్రుక మందానికి కాస్త అటూఇటూ. ఆ కాస్తకే గబుక్కున జారి కూర్చుంటుంది. చల్లారాక సుత్తితో కొట్టినా రాదు. వ్యాకోచం పాఠం నేను బళ్లో చదివాను, మార్కులు కూడా వచ్చాయి. బేరింగు ఎక్కించేదాకా ఆ పాఠం దీని గురించే అని తట్టలేదు.

ఏడాదికి ఒకసారి మా వాళ్లే బడికి వెళ్తారు. బాబాయ్ ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. క్లాసులో మాట్లాడాలంటే టెన్షన్‌తో రాత్రంతా నిద్రపోలేదట. గోనెసంచిలో ఫిషింగ్ బోటుది విరిగిన ప్రొపెల్లర్ షాఫ్టు ముక్క పెట్టుకెళ్లి టేబుల్ మీద పడేసి, 'ఇది ఒక్క దెబ్బకి విరిగిందా, మెల్లగా విరిగిందా చెప్పండి' అన్నాడు. విరిగిన ముఖం మీద కీవే (షాఫ్టు మీద కోసిన గాడి) మూల నుంచి వంపులు తిరిగిన చారలు వరసగా ఉంటాయి. అలలు వెనక్కి తగ్గినప్పుడు ఇసుకలో పడే గీతల్లాగే ఉంటాయి. ఇంజినీర్లు కూడా వాటిని బీచ్ మార్క్స్ అనే అంటారు. పగులు రోజుకి కొంచెం కొంచెం జరుగుతూ వచ్చి, మిగిలిన కాస్త లోహం ఒకరోజు పుటుక్కుమంది. జాలారి కుర్రాడు ఒకడు లేచి 'మా నాన్న బోటుకీ ఇలాగే అయింది, నడిసముద్రంలో' అన్నాడు. మిగతా పీరియడంతా వాడే చెప్పాడు.

మాకు ఏం ఒరిగింది అంటారా? పిల్లలు 'ఎందుకు' అని అడిగితే మా కుర్రాళ్లు తడబడ్డారు, అది చూశాకే వాళ్లకి డ్రాయింగు చదవడం నేర్పించాను. షెడ్డు శుభ్రంగా ఉంటోంది. ఆడపిల్లలు వస్తున్నారంటే బాత్రూముకి గడియ కూడా సరిగ్గా లేదని అప్పుడు కనిపించింది. పద్దెనిమిదేళ్లుగా అది అలాగే ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

పిల్లల చేత మాత్రం ఏ పనీ చేయించనివ్వకండి. పధ్నాలుగేళ్ల లోపు వాళ్లని పనిలో పెట్టుకోకూడదు. పద్దెనిమిది లోపు వాళ్లని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. 2016లో చట్టాన్ని సవరించాక ఇది ఇంకా గట్టిగా ఉంది. 'ఉత్తినే కూర్చునే బదులు ఈ నట్లు ఏరమను' అనే ఓనర్లుంటారు, మొహమాటపడకండి. పర్మిషన్ లెటర్లో 2020 జాతీయ విద్యా విధానం ప్రస్తావించండి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకి పది రోజులు బ్యాగుల్లేకుండా చేతిపని వాళ్ల దగ్గర నేర్చుకోవాలని అందులో ఉంది. పన్నెండు దాకా ఇలాంటి అవకాశాలు ఇవ్వొచ్చనీ ఉంది. మా మాస్టారికి హెడ్మాస్టర్ దగ్గర ఆ ఒక్క పేరా బాగా పనికొచ్చింది.

మీకు ఆటోనగర్ ఊరికి ఆ చివర. మీ దగ్గరే వెతకండి. క్లాసులో పిల్లల అమ్మానాన్నలు ఏం చేస్తారో ఒక కాగితం మీద రాయించండి చాలు. కార్ల సర్వీస్ సెంటర్లో మెకానిక్, రుషికొండ వైపు హోటల్లో లాండ్రీ చూసేవాళ్లు, అపార్ట్‌మెంట్ సైటులో మేస్త్రీ, ఎవరో ఒకరుంటారు. లాండ్రీలో సబ్బు, ఉప్పునీరు, సైటులో సిమెంటు గట్టిపడటం, అన్నీ మీ పాఠాలే. వాళ్ల ఓనర్‌తో వాళ్లే మాట్లాడతారు. మీరు పాఠం పేరు, ఎంతమంది, ఎన్ని నిమిషాలు, ఈ మూడే చెప్పండి.

రోజు మాత్రం ఓనర్ని అడిగే పెట్టండి. మార్చిలో ఓనర్లందరికీ ఏడాది ఖాతా లెక్కల గొడవ. మాకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డున, వాటి షాఫ్టులన్నీ మా షెడ్లలో, అప్పుడు దేవుడొచ్చినా టైమివ్వలేం. జూలై, ఆగస్టు బాగుంటాయి. అంత దూరమైనా ఆటోనగరే చూపిస్తానంటే రండి, ఎనిమిది మంది దాటకపోతే టీలు మేమే చెప్తాం.