92 పాయింట్ల రెడ్ వైన్, వంజరం వేపుడుతో నోరు మండింది: పాయింట్లు నమ్మొచ్చా?

మంటకు కారణం వేపుడులోని కారం, గది వేడికి వెచ్చబడ్డ వైన్. వైన్‌కి 100కి ఇన్ని అని పాయింట్లు ఇచ్చే విమర్శకులు సాధారణంగా భోజనం లేకుండా, చల్లటి గదిలో రుచి చూస్తారు. విశాఖ ఎండల్లో అలా కుదరదు కదండీ.

1. సీసాను గంటన్నర, రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. రెడ్ అయినా సరే, 16-18 డిగ్రీలుంటే చాలు.

2. లేబుల్ మీద సంవత్సరం చూడండి. చాలామంది వదిలేసేది ఇదే! పాయింట్లు ఒక్క ఏడాది పంటకే వర్తిస్తాయి. 2016 వైన్‌కి 92 వచ్చిందనుకోండి, మీరు కొన్న 2019 సీసాకు ఆ అంకెతో సంబంధం లేదు. షాపులో అంటించిన కాగితం మీద ఏ సంవత్సరం ఉందో, సీసా మీద అదే ఉండాలి.

3. అమెరికా వైన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ఈ 100 పాయింట్ల స్కేల్ 50 దగ్గర మొదలవుతుంది. 85 వచ్చినదీ మంచి వైనే, 92 కోసం అదనంగా డబ్బు పెట్టకండి.

4. వంజరంతో అయితే కొద్దిగా తీపున్న వైట్ తీసుకోండి.