ముందుకు జరిపితే ఏ వారం?

సందేహం: "బుధవారం సమావేశాన్ని రెండు రోజులు ముందుకు జరిపాం" అని మా ఆఫీసు వాట్సాప్‌లో పెట్టారు. కొందరు సోమవారమని, కొందరు శుక్రవారమని అనుకున్నారు. ఏది సరైన తెలుగు? అసలు 'ముందు' అంటే గడిచినదా, రానున్నదా? — ఒక పాఠకురాలు, ఏలూరు

సమాధానం: "ఇంతకు ముందు చెప్పాను" అంటే గడిచిన కాలం. "ఇక ముందు చెప్పను" అంటే రానున్న కాలం. మాట ఒకటే, అయినా తెలుగు తెలిసినవారెవరూ ఇక్కడ తడబడరు. 'వెనుక' కూడా అంతే. "వెనకటి రోజుల్లో" అంటే గతం, "భోజనాలైన వెనుక" అంటే తరువాత. నిఘంటువులు రెండర్థాలూ ఇచ్చి ఊరుకుంటాయి. ఈ రెండూ ఒక మాటలో ఎలా ఇమిడాయన్నది తెలుసుకోదగ్గ విషయం.

మనసు కాలాన్ని రెండు విధాలుగా బొమ్మ కట్టుకుంటుంది. ఒకటి వరుస: రోజులు గుడి క్యూలో మనుషుల్లా ఒకదాని వెనుక ఒకటి నిలబడతాయి. సోమవారం ముందుంటుంది, బుధవారం దాని వెనుక. చూసేవాడు ఎక్కడున్నా ఈ వరుస మారదు. రెండోది బాట: ఇందులో నడిచేవాడు ఒకడుంటాడు. వాడి ఎదుట ఉన్నది రాబోయేది, వీపు వెనుక ఉన్నది గడిచినది. "ముందున్నది ముసళ్ళ పండగ" అన్న సామెత, 'ముందుచూపు', 'ముందు ముందు' బాట బొమ్మలోవి. 'మునుపు', 'పెళ్ళికి ముందు', ఈనాటి 'ముందస్తు ఎన్నికలు' వరుస బొమ్మలోవి.

'మున్' మొదట ఎదుటి భాగాన్ని చెప్పే మాట. ముంజేయి, ముంగాలు, ముంగురులు, ముంగిలి చూడండి; ఒంటికో ఇంటికో ఎదుటనున్నవే. 'వెనుక'కు చుట్టం వెన్ను. అంటే కాలాన్ని చెప్పే మాటలు మనకు ఒంటినుంచే వచ్చాయి. మున్ నుంచి వచ్చిన 'మున్ను' పాత కావ్యాల్లో గడిచిన కాలానికే వాడుక. పక్క భాషల్లో ఈ మూలం చెరో దారీ పట్టింది. తమిళంలో మున్నోర్ అంటే పూర్వులు. కన్నడంలో ముందిన వార అంటే వచ్చే వారం. తెలుగు రెండు బొమ్మల్నీ ఉంచుకుంది. ఇది భాషకు లోపం కాదు, కలిమి.

సంస్కృతమూ తక్కువ తినలేదు. పురాణంలోని 'పురా' అంటే పూర్వం, పురోగతిలోని 'పురః' అంటే ఎదుట. రెండూ ఒక కుటుంబంలోవి. 'పూర్వ' శబ్దం మరీ అందమైనది. ఎదుటిది, తూర్పు, గడిచినది — మూడూ అదే. సూర్యోదయానికి అభిముఖంగా నిలబడినవాడికి తూర్పు ఎదుట, పడమర వీపు వెనుక. అందుకే పడమరకు పశ్చిమమని పేరు. ఆ వెనుకే కాలంలో 'తరువాత' అయింది: తప్పు చేశాక కలిగే తాపం పశ్చాత్తాపం. తూర్పుతో కాలాన్ని ముడిపెట్టినది సంస్కృతమొక్కటే కాదు. ఆస్ట్రేలియాలోని పాంపురావ్‌ అనే ఊళ్ళో ఆదివాసులకు ఒక కథను చెప్పే బొమ్మలిచ్చి వరుసగా పేర్చమంటే, తాము ఎటు తిరిగి కూర్చున్నా తూర్పునుంచి పడమరకే పేర్చారు. దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాల్లోని ఐమారా భాషలో 'నయ్రా' అంటే కన్ను, ఎదుట, గతం. 'ఖిపా' అంటే వెనుక, భవిష్యత్తు. రఫాయెల్ నూన్యెస్, ఈవ్ స్వీట్సర్ అనే పరిశోధకులు ఐమారా మాట్లాడేవారి చేతి కదలికల్ని గమనించి 2006లో ప్రచురించారు. పెద్దవారు గతం చెప్పేటప్పుడు చెయ్యి ఎదుటికి చాపారు. చూసినది కంటికెదుట ఉంటుంది, చూడనిది వీపు వెనుక ఉంటుందన్నది వారి లెక్క.

నిలువు కొలత కూడా ఉంది. మనకు కిందటి నెల గడిచినది, పై నెల రాబోయేది. చైనీస్‌లో దీనికి తలకిందులు; 'పై నెల' అంటే గడిచిన నెల.

ఇక మీ వాక్యం. షష్ఠి 'కు' ఎక్కడ చేరిందో చూడండి. 'బుధవారానికి ముందు' అన్నప్పుడు అది 'ముందు'కు ఎడమన ఉండి కొలబద్దను చూపిస్తుంది. సోమ, మంగళవారాలు తప్ప శుక్రవారం రానే రాదు. 'ముందుకు' అన్నప్పుడు అది కుడివైపు చేరి దిక్కును చెబుతుంది. దిక్కు చెప్పాలంటే ఎవరు ఎటు తిరిగి ఉన్నారో తెలియాలి. వాక్యంలో అది లేదు. వరుస బొమ్మ మనసులో ఉన్నవారికి సోమవారం తడుతుంది, బాట బొమ్మ ఉన్నవారికి శుక్రవారం. 'జరుపు' మరో చిక్కు తెచ్చింది, కదిలించడమూ అదే, నిర్వహించడమూ అదే. 'వెనక్కి జరిపాం' అని సవరించినా ఒరిగేదేమీ లేదు. ఆ వైపునా ఇదే పేచీ.

దాదాపు మీ వాక్యాన్నే ఇంగ్లీషులో ఇచ్చి లేరా బొరొడిట్‌స్కీ, మైకేల్ రామ్‌స్కర్ అనే మనస్తత్వ పరిశోధకులు 2002లో ప్రయోగాలు ప్రచురించారు. విమానాశ్రయంలో ఎవరికోసమో ఎదురుచూస్తున్నవారికంటే, అప్పుడే ప్రయాణం చేసి దిగినవారిలో శుక్రవారమన్నవారు ఎక్కువ. కదలిక మనసులో ఉంటే బాట బొమ్మ పైకి వస్తుందన్నమాట. కాబట్టి మీ సహోద్యోగుల్లో ఎవరి తెలుగునూ తప్పు పట్టలేను.

తప్పు పట్టవలసింది రాసినవారిని. తేదీ రాయడానికి బద్ధకమెందుకు? "బుధవారం జరగవలసిన సమావేశం సోమవారమే జరుగుతుంది" అంటే చాలు. ఆ 'ఏ' ప్రత్యయమే పని చేసిపెడుతుంది. ఆలస్యమైతే 'వాయిదా' ఉంది. అరబ్బీనుంచి ఉర్దూ మీదుగా వచ్చి మనదైపోయిన మాట, ఒక్క దిక్కుకే పోతుంది. ముందుగా జరపడానికి మాత్రం అంత స్థిరపడిన ఒక్క మాట మనకు లేదు. అందుకే ఆఫీసుల్లో 'ప్రీపోన్' చెలామణీ అవుతోంది. 'ముందుకు లాగారు' అన్న వాడుక కొన్నిచోట్ల వినిపిస్తుంది. లాగేవాడు తనవైపే లాగుతాడు కనుక సోమవారమే స్ఫురిస్తుంది. దాన్ని నోటీసులో రాయవచ్చా అంటే, మాట్లాడేటప్పుడు సరే, రాతలో పక్కన తేదీ కూడా ఉండాలంటాను.