కొండపల్లిలో బొమ్మలు చేసే మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మేనమామ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఉదయం ఆరింటికి ఉలి పట్టుకుంటే రాత్రి తొమ్మిదింటికి గాని దించడం లేదని, అయినా చీటీ డబ్బు కట్టాక చేతిలో ఏమీ మిగలడం లేదని రాశావు. ఇంకో ఇద్దరు పనివాళ్ళను పెట్టుకుని ఎక్కువ బొమ్మలు చేయమంటారా అని అడిగావు. ఇప్పుడే వద్దమ్మా. నీవు చెప్పే ధరలకు ఎక్కువ బొమ్మలు చేస్తే అలసట పెరుగుతుందే గాని ఆదాయం పెరగదు. నలభై ఏళ్ళు మన బొమ్మల కర్ర తెల్లపొణికి చెక్కిన వాడిగా చెబుతున్నాను, నీకు ముందుగా తెలియవలసినది నీ ఒక్క గంట పనికి ఎంత వస్తోందన్న లెక్క.

మన ఇళ్ళలో ధర కట్టే పద్ధతి నీకు తెలిసినదే. కర్రకు, రంగులకు, అట్టపెట్టెకు అయిన ఖర్చు కూడి, దాని మీద తోచినంత వేసుకుని చెబుతాం. మీ అత్తగారు ఆకురాయి పట్టిన పూటకు, నీవు కుంచె పట్టిన రాత్రికి ఆ లెక్కలో చోటు ఉండదు. అందుకే ఒక నోటుపుస్తకం కొని, కర్రను సన్నసెగకు ఆరబెట్టిన దగ్గర నుంచి బాడిశతో చెక్కడం, చేతులూ తలా విడిగా తీసి మక్కు ముద్దతో అతకడం, ఆకురాయి పట్టడం, సుద్ద పూయడం, రంగులు వేయడం వరకు ఏ బొమ్మకు ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకో. ఎవరు చేసినా ఆ సమయం రాయాలి. ఒక నెల రాస్తే చాలు.

ఆ పుస్తకం ఏమి చూపిస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. అంబారీ ఏనుగును 900 రూపాయలకు అమ్ముతున్నావనుకో. సరుకు ఖర్చు 200 పోతే 700 మిగులుతుంది. దానికి పట్టిన సమయం పద్నాలుగు గంటలైతే గంటకు 50 రూపాయలు వచ్చినట్టు. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు జత 600 రూపాయలకు పోతుంది, ఖర్చు 90, సమయం అయిదు గంటలు, అంటే గంటకు 102 రూపాయలు. చూసినవారంతా మెచ్చుకునే ఏనుగే నీకు తక్కువ కూలి ఇస్తోంది. నా విషయంలోనూ ఇదే జరిగింది. నా పనితనానికి ఏనుగే గుర్తు అనుకుని ఏళ్ళ తరబడి దాని మీదే కూర్చున్నాను, ఇంటి ఖర్చులు మాత్రం చిన్న జతలే గడిపాయి.

ఏనుగు మానేయమని దీని అర్థం కాదు. దాని ధర 1600 చేయి, ఆర్డరు వచ్చినప్పుడే చేయి. అంత చెబితే కొనరన్నది నీ భయం. ఏడాదికి పది ఏనుగులు 900 చొప్పున అమ్మితే ఖర్చులు పోను 7000 రూపాయలు మిగులుతుంది, అందుకు 140 గంటలు కూర్చోవాలి. 1600 చొప్పున అయిదే అమ్ముడైనా మిగిలేది అదే 7000, పని మాత్రం 70 గంటలు. కొనేవారిలో సగం మంది వెళ్ళిపోయినా నీకు రూపాయి నష్టం లేదు, డెబ్భై గంటలు ఖాళీ దొరుకుతాయి, కర్ర కూడా సగం ఆదా అవుతుంది. తెల్లపొణికి దొరకడమే కష్టమవుతున్న ఈ రోజుల్లో ఆ ఆదా చిన్నది కాదు.

తరువాత పని నడిపే క్రమం చూసుకో. కిందటిసారి మీ ఇంటికి వచ్చినప్పుడు నీవు ఎడ్లబండి ఒకటి పూర్తిగా రంగు వేసి, కుంచె కడుక్కుని, తాటిచెట్టు ఎక్కే మనిషి బొమ్మ అందుకోవడం చూశాను. ఆ పూట ఎరుపు మూడుసార్లు కలిపావు, మూడుసార్లూ కొద్దికొద్దిగా ఆరిపోయి పారబోశావు. ఒకే రకం ఇరవై బొమ్మలు వరుసగా పెట్టుకుని, అన్నింటికీ ఒంటిరంగు ఒక పూట, పంచెలూ చీరలూ మరో పూట, కళ్ళూ మీసాలూ అంచులూ చివరికి వేస్తే, చేయి ఒకే గీతకు అలవాటుపడి వేగమూ పెరుగుతుంది, పొందికా కుదురుతుంది. చెక్కేటప్పుడు మా నాన్నగారు ఇలాగే చేసేవారు, చేతులన్నీ ఒక గంపలో, తలలన్నీ ఒక గంపలో. మక్కు కూడా ఆ రోజుకు సరిపడా ఒక్కసారే కలుపుకో. చింతగింజల పొడి, రంపపు పొట్టు మళ్ళీ మళ్ళీ కలిపితే ఏ రెండుసార్లూ ఒకే చిక్కదనం రాదు, అతుకు ఊడేది అక్కడే.

రకాలు కూడా తగ్గించుకోవాలి. నీవిప్పుడు చేస్తున్నవి ముప్పైకి పైగా ఉన్నాయి. గంటకు ఎక్కువ ఇచ్చేవి ఏడెనిమిది మాత్రమే ఉంచుకుని, వాటిని జట్లుగా అమ్ము. కొనేవారి కాలాన్ని గమనిస్తే దీని బలం తెలుస్తుంది. మన కోస్తా జిల్లాల్లో బొమ్మల కొలువు సంక్రాంతికి పెడతారు, తమిళనాడులో, కర్ణాటకలో నవరాత్రులకు పెడతారు. కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మయినా చేర్చాలన్నది చాలా ఇళ్ళలో ఆనవాయితీ. ఈ ఏడాది పెళ్ళి పల్లకి కొన్న ఇల్లాలికి వచ్చే ఏడాది సన్నాయి మేళం కావాలి, ఆపై ఏడాది వంటవాళ్ళు, విస్తళ్ళ ముందు కూర్చున్న బంతి కావాలి. అవి పాత పల్లకి పక్కన ఎత్తులోనూ రంగులోనూ కలవకపోతే ఆమె మళ్ళీ రాదు. అందుకే ప్రతి బొమ్మకూ ఒక మాదిరి, ఎత్తు కొలిచే ఒక బద్ద, రంగు పూసిన ఒక చెక్కముక్క దాచిపెట్టు. కొన్నవారి ఫోను నంబరు, వారు ఏ బొమ్మ తీసుకున్నారో రాసుకుని, పండుగకు రెండు నెలల ముందు కొత్త బొమ్మ ఫొటో పంపితే, కొత్తవారిని వెతుక్కునే శ్రమ చాలావరకు తప్పుతుంది.

అరువు విషయంలో మాత్రం నా మాట తప్పకుండా విను. ఒక దసరాకు పట్నంలోని ఒక దుకాణానికి అరవై దశావతారాల సెట్లు అరువు మీద ఇచ్చాను. పండుగ అయ్యాక అమ్ముడుపోనివి తిరిగి వచ్చాయి. కాగితం చుట్టకుండా ఒకదాని మీద ఒకటి వేసి పంపారు. వరాహస్వామి కోరలు విరిగిపోయాయి, మత్స్యావతారం తోక దగ్గర రంగు లేచి సుద్ద కనబడుతోంది. రెండు నెలల పని నాకు నష్టంగానే మిగిలింది. ఆనాటి నుంచి దుకాణాలకు సగం సొమ్ము ముందుగా తీసుకుని, మిగతాది సరుకు ఎత్తేటప్పుడే తీసుకున్నాను. కొందరు మానేశారు, నిలిచినవారు నమ్మకస్తులు.

దుకాణదారులు బేరంలో ఐఎస్ఐ గుర్తు లేదని ధర తగ్గించమంటున్నారని రాశావు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి అయిన మాట నిజమే. అయితే కేంద్ర హస్తకళల కమిషనరు వద్ద నమోదైన కళాకారులు స్వయంగా చేసి అమ్మే బొమ్మలకు, ఫలానా ఊరి సొత్తు అని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) కింద నమోదైన వస్తువులకు మినహాయింపు ఇచ్చారు. కొండపల్లి బొమ్మకు ఆ గుర్తింపు ఉంది. హస్తకళాకారులకు ఇచ్చే నీ పెహచాన్ కార్డు గడువు చూసుకో, భౌగోళిక గుర్తింపును వాడుకునే హక్కున్న అధీకృత వినియోగదారుగా నీ పేరు నమోదు కాకపోతే దరఖాస్తు పెట్టుకో. ఆ కాగితాల నకళ్ళు దగ్గర ఉంచుకుంటే ఆ బేరం అక్కడితో ఆగుతుంది.

చాలామంది చిన్నచూపు చూసే పని ఇంకొకటి ఉంది. పాత కొలువు బొమ్మలు బాగుచేయడం. విరిగిన చేతికి మక్కు పెట్టి, ఆరాక ఆకురాయి పట్టి రంగు అందించడానికి నీ చేయి పని అరగంటకు మించదు, కర్ర ఖర్చు లేదు. నాయనమ్మ కాలం నాటి బొమ్మ మళ్ళీ కొలువులో నిలబడుతుందంటే 150 రూపాయలు ఎవరూ బేరమాడకుండా ఇస్తారు. ఖిల్లా చూడడానికి వచ్చి బొమ్మల కాలనీలో తిరిగేవారికి కనబడేలా వాకిట్లో ఒక బోర్డు పెట్టు. వారు అలాంటి బొమ్మ తెచ్చినప్పుడు కొత్త జట్లు చూపించకుండా పంపకు.

వచ్చే నెల మొదటి ఆదివారం నేనూ మీ అత్తయ్యా వస్తున్నాము. అప్పటికి పెళ్ళి జతలు ఇరవై, ఎడ్లబండ్లు పది ఎంతసేపట్లో పూర్తయ్యాయో పుస్తకంలో రాసి ఉంచు. ఇద్దరం కూర్చుని ధరలు కొత్తగా కడదాం. ఈలోగా కొత్త ఏనుగు ఏదీ మొదలుపెట్టవద్దు.

ఆశీస్సులతో,
మీ మామయ్య