12 ఏళ్ల బేస్‌బాల్ పిచ్చర్‌కి మోచేతి నొప్పి: ఐసు పెట్టి ఆడించొద్దు

పిచింగ్ (బేస్‌బాల్‌లో బ్యాటర్‌కి బంతి విసరడం) చేసిన మర్నాడు బాబుకి మోచేతి లోపలివైపు నొప్పి, ఐసు పెట్టి శనివారం ఆడించవచ్చా అని అడిగారు. వద్దండీ. 12 ఏళ్లకి అక్కడి ఎముక ఎదిగే భాగం ఇంకా గట్టిపడదు. విసిరిన ప్రతిసారీ లాగుడు దాని మీదే పడుతుంది. బంతి ముట్టనివ్వకుండా ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపించండి.

డాక్టరు సరేనన్నాక పిచ్ స్మార్ట్ (పిల్లల పిచింగ్‌కి అమెరికా బేస్‌బాల్ సంస్థల మార్గదర్శకాలు) లెక్క పాటించండి: 11-12 ఏళ్లకి రోజుకి 85 పిచ్‌లే హద్దు. 66, ఆపైన వేస్తే 4 రోజులు విశ్రాంతి; 36-50 అయితే 2 రోజులు. రెండు టీముల్లో ఆడితే ఏ కోచ్‌కీ మొత్తం తెలియదు, లెక్క మీరే రాసుకోండి. పిచ్ చేసిన రోజు క్యాచర్‌గా (బ్యాటర్ వెనక బంతి పట్టే ఆటగాడిగా) అసలు పెట్టొద్దు.

ఇక టామీ జాన్ సర్జరీతో (మోచేతిలో ఎముకల్ని కలిపే పట్టీ, అంటే లిగమెంటు తెగితే చేసే ఆపరేషన్‌తో) బంతి వేగం పెరుగుతుందన్న మాట నమ్మకండి. 1974లో ఆ ఆపరేషన్ అయిన పిచ్చర్ టామీ జాన్ 1975 సీజనంతా పోగొట్టుకుని, 1976లో తిరిగొచ్చి 1989 దాకా ఆడారు. అది తెగిన లిగమెంటుకి చేసిన మరమ్మతు మాత్రమే.